మన గురించి ఎవరో అడిగారట

పెళ్లిచూపులకు ముందు మన ఊళ్లలో ఒక తతంగం ఉండేది. అవతలి పక్షం వాళ్లు తిన్నగా ఇంటికి వచ్చేవారు కాదు. ముందుగా ఒక పెద్దమనిషి బస్సు దిగి, సెంటర్లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని, "ఫలానా వారిల్లు ఎటువైపండీ?" అని మొదలుపెట్టేవాడు. దారి కనుక్కునే వంకతో పొలం ఎంత, అప్పులెంత, పిల్లవాడికి ఏమైనా అలవాట్లున్నాయా, తండ్రికి కోపం ఎక్కువటగా అంటూ తీగ లాగి డొంకంతా కదిలించి, వచ్చిన బస్సుకే వెళ్లిపోయేవాడు. అయితే ఆ బస్సు ఊరి పొలిమేర దాటకముందే కబురు ఆ ఇంటికి చేరేది. "మీ గురించి ఎవరో అడిగి వెళ్లారు బాబాయ్. తెనాలి వైపు మాట. తెల్లపంచె, చేతిలో గొడుగు." టీ కొట్టు ఆసామీ అడిగినవాడికి జవాబు చెప్పేవాడు, ఎవరి గురించి అడిగారో వాళ్లకు కబురూ చెప్పేవాడు. రెండు వైపులా న్యాయం చేసేవాడు.

ఇప్పుడూ మన గురించి అడుగుతూనే ఉన్నారు. అడిగేవి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లు. జవాబు చెప్పేవి క్రెడిట్ సమాచార కంపెనీలు. ప్రశ్నా జవాబూ కొన్ని సెకన్లలో అయిపోతాయి. ఆ సమయానికి మనం భోజనం చేస్తూనో, బస్సులో కునుకు తీస్తూనో ఉంటాం. టీ కొట్టు ఆసామీ చేసిన పని ఇప్పుడు మన క్రెడిట్ రిపోర్టు చివర్లో ఒక పట్టిక చేస్తోంది. దాని పేరు ఎంక్వైరీలు. అడిగిన సంస్థ పేరు, అడిగిన తేదీ, ఏ రకం అప్పు కోసం, ఎంత మొత్తానికి. ఒక్కో వరసలో ఇంతే. చాలామంది స్కోరు ఏడొందల యాభై దాటిందా లేదా చూసుకుని రిపోర్టు మూసేస్తారు. నాకు మాత్రం ఈ పట్టికే ఆసక్తి. మిగతా పేజీలన్నీ మన గురించి వాళ్లు చెప్పుకున్నవి. ఈ ఒక్కచోటే వాళ్ల సంగతి మనకు తెలిసేది.

నా రిపోర్టు మొదటిసారి తెప్పించుకున్నప్పుడు ఆ పట్టికలో ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు ఉంది, క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు ఉంది. ఆ రెండింటి మధ్య ముక్కూ మొహం తెలియని పేరొకటి. ఏదో క్యాపిటల్, ప్రైవేట్ లిమిటెడ్. అప్పు రకం అన్నచోట కన్స్యూమర్ లోన్ అని ఉంది. మొత్తం ముప్పై నాలుగు వేలు. తేదీ చూస్తే దసరాల ముందు. గుండెలో రాయి పడ్డట్టయి మా ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, "అప్పుడే కదండీ వాషింగ్ మెషీన్ కొన్నది" అంది.

నిజమే, కొన్నాం. బెజవాడలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలో. మెషీన్ ఎంచుకున్నాక సేల్స్ అబ్బాయి "క్యాషా సార్, ఈఎంఐయా?" అన్నాడు. వడ్డీ లేదన్నాడు. దుకాణం ఓ మూలన చిన్న చిన్న బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక్కో కంపెనీ టీషర్టు వేసుకున్న కుర్రాడు. మాకు దొరికినవాడు పాన్ నంబరు ట్యాబ్‌లో కొట్టి, పుట్టిన తేదీ అడిగి, "ఓటీపీ వచ్చింటది సార్, చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఇంకోటి వచ్చింది. అదీ చెప్పాను. మధ్యలో తెర మీద సన్నటి అక్షరాల పేజీ ఒకటి తెరుచుకుంది. కుర్రాడు బొటనవేలితో దాన్ని ఒక్క తోపు తోసి అడుగుకు చేర్చి, అక్కడున్న గడిలో టిక్కు పెట్టాడు. నా తరఫున. నా రిపోర్టు తెప్పించుకోవడానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాననడానికి ఆ టిక్కే సాక్ష్యం. కుర్రాణ్ణి ఏమీ అనలేం. వెనక జనం నిలబడి ఉన్నారు, పండగ ఆఫరు ఆ రోజుతో ఆఖరు. ఇక టీషర్టు మీదున్నది యాప్ పేరు. డబ్బు పెట్టింది ఆ యాప్ వెనకున్న ఫైనాన్స్ కంపెనీ. రిపోర్టుకెక్కేది డబ్బు పెట్టేవాడి పేరే గానీ టీషర్టు పేరు కాదు.

రిపోర్టులో కనబడి కంగారు పెట్టే పేర్లలో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది. కారు షోరూములది ఇంకో తరహా. "లోన్ మేం చూసుకుంటాం సార్" అని మన కాగితాలు ఒకేసారి మూడు నాలుగు బ్యాంకులకు పంపిస్తారు. ఎవరు ముందు ఓకే అంటే వాళ్లది ఖాయం. అడిగినవాళ్ల పేర్లు మాత్రం అన్నీ పట్టికలో ఉండిపోతాయి. అందుకని ఒకే తేదీన, ఒకే మొత్తానికి, వరసగా నాలుగు పేర్లు కనబడితే దొంగ కోసం వెతకక్కర్లేదు. అది షోరూము వాడి హుషారు. హామీ సంతకాలు మరో రకం. తోడల్లుడి ట్రాక్టరు అప్పుకు మొహమాటపడి సంతకం పెట్టినవాడి రిపోర్టు కూడా బ్యాంకు తెప్పించుకుంటుంది. ట్రాక్టరు ఆయనది, విచారణ ఈయన మీద.

మా బావమరిది హైదరాబాదులో ఫ్లాటు కొనబోయి బ్యాంకుకు వెళ్లాడు. సాయంత్రం ఫోను చేశాడు. గొంతు మామూలుగా లేదు.

"బావా, నేను ఎవర్నీ పైసా అడగలేదు బావా. ఈ కాగితంలో చూస్తే నెల రోజుల్లో తొమ్మిది మంది దగ్గర అప్పుకు తిరిగినట్టుంది. ఆ మేనేజరు నన్ను చూసిన చూపు నువ్వు చూడలేదు గానీ..."

"ఎక్కడైనా ఆన్‌లైన్లో నంబరు ఇచ్చావా?"

"ఎవరికీ ఇవ్వలేదు. ఏదో సైట్లో నాకు ఎంత లోన్ వస్తుందో చూసుకున్నా. అంతే."

అంతేనట. 'మీ అర్హత తెలుసుకోండి' అన్న బొత్తాం నొక్కితే ఆ సైటువాళ్లు అతని వివరాలను తమతో ఒప్పందమున్న కంపెనీలన్నింటికీ పంచిపెట్టారు. అతను అర్హత తెలుసుకుందామనుకున్నాడు. వాళ్లు దాన్ని దరఖాస్తు అనుకున్నారు. మన రిపోర్టు మనమే తెప్పించుకుని చూసుకుంటే స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు. అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి అవతలివాడు తెప్పించుకుంటే తగ్గొచ్చు. బావమరిది మొదటిది చేశాననుకున్నాడు, జరిగింది రెండోది.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అడిగింది వాళ్లు. మార్కులు పోయేది మనకు. తక్కువ వ్యవధిలో పదిచోట్ల అప్పుకు ప్రయత్నించినవాడు ఏదో ఇబ్బందిలో ఉండి ఉంటాడని లెక్కలు కట్టేవాళ్ల అనుమానం. అనుమానంలో అర్థం లేకపోలేదు. కానీ తొమ్మిది చోట్ల తిరిగినవాడికీ, ఒక్క బొత్తాం నొక్కి తొమ్మిది మంది చేతుల్లో పడ్డవాడికీ ఆ పట్టికలో తేడా తెలియదు. ఒకటి రెండు విచారణలతో కొంప మునగదు, అదీ చెప్పాలి. వాయిదాలు సమయానికి కట్టామా లేదా అన్నదే స్కోరుకు ప్రాణం. విచారణల వల్ల తగ్గే పాయింట్లు తక్కువే, కొన్ని నెలలు పోతే వాటి ప్రభావమూ పలచబడుతుంది. ఇంటి అప్పుకు వెళ్లబోయే ముందు నెలల్లో మాత్రం ఇలాంటి బొత్తాల జోలికి పోకుండా ఉంటే మేలు.

అసలు అడగడమే తప్పని నేను అనను. అడగకుండా అప్పులిస్తే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సూక్ష్మరుణ కంపెనీలు ఊరూరా పోటీపడి అప్పులిచ్చిన రోజుల్లో ఒకే ఇల్లాలికి ముగ్గురు నలుగురు ఇచ్చేశారు. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకుంది ఆమె. ఆమెకు ఇంకెక్కడ బాకీలున్నాయో ఇచ్చేవాడు అడగలేదు, అడిగి తెలుసుకునే చోటూ సరిగా లేదు. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ మరుసటి జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ చిన్న అప్పులకు కూడా క్రెడిట్ సమాచార వ్యవస్థ ఉండాలని సిఫారసు చేసింది. కాబట్టి విచారణ ఉండాల్సిందే. అది జరిగిన సంగతి ఎవరి గురించి అడిగారో ఆ మనిషికి తెలియాలి. నా గొడవంతా ఆ రెండో సగం గురించే.

ఆ రెండో సగం ఎక్కడా దానంతటది రాలేదు. 1837లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చి, ఇచ్చిన అరువులు తిరిగిరాక న్యూయార్కులో టాపన్ సోదరుల పట్టు వ్యాపారం దెబ్బతింది. దుకాణంలో బాకీల వ్యవహారం చూసిన లూయిస్ టాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అని కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. ఏ ఊరి దుకాణదారు నమ్మదగినవాడో ఆ ఊళ్లో ఉండే ప్లీడర్లు గుట్టుగా రాసి పంపేవారు. అలా రాసి పంపినవాళ్లలో అబ్రహాం లింకన్ అనే యువ న్యాయవాది కూడా ఉన్నాడు. 1899లో అట్లాంటాలో వూల్‌ఫర్డ్ సోదరులు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. అరువు తీర్చే ఖాతాదారులెవరో, ఎగ్గొట్టేవాళ్లెవరో కిరాణా వర్తకులకు జాబితాలు వేసి అమ్మడంతో మొదలై, పోనుపోను జనం తాగుడు, కాపురం, నడవడిక కూడా ఫైళ్లకెక్కించింది. ఫైల్లో ఏముందో ఆ మనిషికి చెప్పేవారు కాదు. చివరికి 1970లో అమెరికా చట్టసభ కలగజేసుకుని, ఫైల్లో ఏముందో, దాన్ని ఎవరికిచ్చారో అడిగితే చెప్పి తీరాలని చట్టం చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ కంపెనీ పేరు మార్చుకుంది. కొత్త పేరు ఈక్విఫాక్స్.

ఈక్విఫాక్స్ ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. మన జనం నోట్లో అన్నీ సిబిలే. "వాడికి సిబిల్ లేదండీ", "సిబిల్ పాడు చేసుకున్నాడు". 2000లో మొదలైన ఆ కంపెనీ ఇప్పటి ట్రాన్స్‌యూనియన్ సిబిల్. ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ కలుపుకుంటే మొత్తం నాలుగు. నాలుగింటికీ 2005 నాటి చట్టమే ఆధారం. అనుమతి లేకుండా ఒకరి క్రెడిట్ సమాచారం చూస్తే లక్ష రూపాయల దాకా జుర్మానా వేయొచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఏ కంపెనీని అడిగితే ఆ కంపెనీ రిపోర్టులోనే విచారణ నమోదవుతుంది. సిబిల్‌లో కనబడలేదని నిశ్చింతగా ఉంటే, అడిగినవాడు ఎక్స్‌పీరియన్‌ను అడిగి ఉండొచ్చు.

ఇక అసలు భయం సంగతి. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. కొడుకు అప్పుకు సహ దరఖాస్తుదారుగా పేరివ్వడానికి రిపోర్టు తీయిస్తే, తాను ఎన్నడూ చూడని ఊళ్లో మోటారుసైకిలు కోసం విచారణ జరిగినట్టు తేలింది. "నాకు సైకిలు తొక్కడమే రాదు నాయనా" అంటారావిడ, ఇప్పటికీ నవ్వుతూనే. కొడుకు ఆ ఫైనాన్స్ కంపెనీకి రాస్తే, కొంత తిప్పాక జవాబొచ్చింది. పాన్ నంబరు ఆవిడదే, ఫొటో వేరే ఎవరిదో. అప్పు మంజూరు కాలేదట, అదొక్కటే అదృష్టం. మంజూరై ఉంటే విచారణల పట్టిక కాదు, బాకీల పట్టికే మాట్లాడి ఉండేది.

ఆవిడ పాన్ కార్డు ఎక్కడెక్కడికి వెళ్లిందో అందరం కూర్చుని లెక్క వేయబోయాం. తిరుపతిలో లాడ్జి. చీటీల కంపెనీ. బంగారం కొట్టు. రిజిస్ట్రేషన్ రోజు డాక్యుమెంట్ రైటరు. సిమ్ము మార్చిన దుకాణం. వాట్సాప్‌లో ఎవరెవరికి పంపారో ఆవిడకే గుర్తులేదు. జిరాక్సు మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని రాసి తేదీ వేసి సంతకం పెట్టే అలవాటు మా నాన్నగారి తరం బ్యాంకు ఉద్యోగులకు ఉండేది. మేం చాదస్తం అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ చాదస్తమే నేనూ చేస్తున్నాను. లాడ్జి గుమాస్తా విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. 2022లో సినీనటి సన్నీ లియోనీ తన పాన్ మీద ఎవరో రెండు వేలు అప్పు తీసుకున్నారని, నటుడు రాజ్‌కుమార్ రావు తన పాన్ మీద రెండున్నర వేలు తీసుకున్నారని ట్విట్టర్లో మొత్తుకున్నారు. కోట్లు సంపాదించే మనుషుల పేరు మీద రెండు వేల అప్పు! అడిగినవాడి ధైర్యం సరే, ఇచ్చినవాడి తెలివిని ఏమనాలి? వాళ్లు ఒక్క మాట అంటే పత్రికలన్నీ రాశాయి. టీచరమ్మకు ట్విట్టర్ లేదు.

టీచరమ్మకు ఉన్నది నియమాల పుస్తకం. అది మునుపటికంటే నయంగానే ఉంది. తెలియని విచారణ కనబడితే క్రెడిట్ సమాచార కంపెనీ వెబ్‌సైటులోనే ఫిర్యాదు పెట్టొచ్చు, రుసుము లేదు. అడిగిన సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా రాసి, ఏ సమ్మతి మీద అడిగారో ఆ కాగితం చూపమనాలి. ఫోనులో కాదు, రాతపూర్వకంగా. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అప్పటికీ దిక్కు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార కంపెనీలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. మోసం అని తేలితే 1930కి ఫోను చేసి సైబర్ నేరాల విభాగంలో నమోదు చేయించడం మాత్రం మొదటి రోజే జరగాలి. నిజంగా మనమే చేసుకున్న దరఖాస్తు తాలూకు విచారణను తుడిపించడం కుదరదు. తుడిపిస్తాం, స్కోరు పెంచిపెడతాం, ఐదు వేలు కట్టండి అనేవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఆ ఫోను పెట్టేయండి.

అమెరికాలో మనవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. తమ క్రెడిట్ ఫైలుకు తామే తాళం వేసుకోవచ్చు, కొత్తగా అప్పు కావలసినప్పుడు తీసేసుకోవచ్చు. 2018 నుంచి ఆ దేశమంతటా అది ఉచితం. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు అక్కడికి వెళ్లిన రెండో ఏడే వేసుకుంది. అడిగిన తర్వాత తెలియడం కంటే అడగబోయేవాణ్ణి గుమ్మంలోనే ఆపడం మెరుగు కదా. మన రిపోర్టుకూ అలాంటి తాళం హక్కుగా రావాలి. ఏ చట్టమైనా మార్చాలంటే నేను అడిగేది ముందు అదే.

ఎందుకంటే అడిగేవాళ్ల సంఖ్య పెరుగుతోంది. బ్యాంకు ఉద్యోగానికి క్రెడిట్ చరిత్ర బాగుండాలన్న షరతు వచ్చింది. ఆ కారణంతో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు నియామకాన్ని రద్దు చేస్తే 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని ముర్తిజాపూర్ నుంచి ఒక వార్త వచ్చింది. అన్నీ కుదిరి, ఇక తాంబూలాలే తరువాయి అనుకుంటుండగా పెళ్లికూతురి మేనమామ పెళ్లికొడుకు సిబిల్ చూపించమన్నాడట. పెళ్లికొడుక్కి చాలాచోట్ల అప్పులున్నాయని తేలి సంబంధం తప్పిపోయింది. మేనమామను తప్పుపట్టలేను. మా ఊరి సెంటర్లో గొడుగు పట్టుకుని దిగిన పెద్దమనిషి కంటే ఆయన నిక్కచ్చిగా ఉన్నాడు, పెళ్లికొడుకు ఎదుటే అడిగాడు. కానీ ఆ రిపోర్టులో తనకు తెలియకుండా పడ్డ తొమ్మిది పేర్లు ఉండి ఉంటే, మా బావమరిది అలాంటిచోట కూర్చుని ఏమని సంజాయిషీ చెప్పుకునేవాడు?

కాబట్టి ఒక మనవి. 2017 జనవరి 1 నుంచి ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇచ్చి తీరాలి. వెబ్‌సైటులో డబ్బు కట్టే పథకాలే పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఉచితమన్న మాట కాస్త వెతుక్కోవాలి. నాలుగూ ఒకేసారి కాకుండా మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడుగునా ఒక కన్ను వేసినట్టవుతుంది. తీసుకున్నాక విచారణల పట్టిక ముందు చూడండి. మీ రిపోర్టును ఎవరైనా తెప్పించుకుంటే ఎస్సెమ్మెస్సో మెయిలో పంపాలని కూడా ఇప్పుడు నియమం ఉంది. అయితే అది బ్యాంకులో నమోదైన నంబరుకే పోతుంది. ఎప్పుడో వదిలేసిన సిమ్ము నంబరే అక్కడ ఉంటే మీ కబురు ఎవరో పరాయివాడి ఫోనుకు చేరుతుంది. ఈ వారం బ్యాంకుకు వెళ్లే పని పడితే ఆ నంబరు సరిచూసుకోండి. అమ్మానాన్నలవి కూడా సరిచూడండి. వాళ్ల పాన్ జిరాక్సులే మనవాటికంటే ఎక్కువ చోట్ల ఉన్నాయి.